ఆడవేషం ఎవరు కట్టాలి? విశ్వవిద్యాలయ రంగస్థలం, దాని నియమాలు

మా అమ్మాయి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో నాటకకళ ప్రధానాంశంగా చదువుకుంటోంది. చేరిన కొత్తలో వాళ్ళ విభాగంవారు విద్యార్థులకు ఇచ్చిన నియమావళి పుస్తకాన్ని సెలవులకు ఇంటికి తెచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆసుపత్రి నియమావళులు చదువుతున్నవాణ్ణి కనుక, అలవాటుకొద్దీ దాన్ని కూడా మొదటినుంచి చివరిదాకా చదివాను. విభాగంలోని ప్రతి విద్యార్థీ ప్రతి అర్ధసంవత్సరంలోనూ ఆడిషన్‌కు హాజరు కావాలి. ఇచ్చిన పాత్రను, చిన్నదైనా సరే, స్వీకరించాలి. ఆడిషన్ లేకుండా ఎవరికీ పాత్ర ఇవ్వకూడదు. వారానికి ఇన్ని గంటలకు మించి రిహార్సల్స్ జరపకూడదు. నటులు ఒకరినొకరు తాకవలసిన సన్నివేశాలను వారి సమ్మతితో, అందులో శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే సాధన చేయాలి. పాత్ర దొరకనివారు తెర వెనక దుస్తులో, దీపాలో, రంగాలంకరణో చూడాలి.

"మీ కాలేజీలో కూడా నాటకాలకు ఇలాంటి రూల్స్ ఉండేవా నాన్నా?" అని అడిగింది. ఒకటి ఉండేదని చెప్పాను. 1980ల చివర నేను వైద్యకళాశాలలో చదువుతున్నప్పుడు వార్షికోత్సవానికి ఒక సాంఘిక నాటకం వేశాం. సాయంత్రం ఆరు దాటాక అమ్మాయిలు హాస్టల్లోనే ఉండాలి. తరగతులు, వార్డులు ముగిసేసరికే అయిదున్నర అయ్యేది; రిహార్సల్స్ ఆ తరువాత మొదలయ్యేవి. కథలోని అక్క పాత్ర సంభాషణలను మా తరగతిలో అందరికంటే బాగా చదివినది ఒక సహాధ్యాయిని. వేదిక మీద ఆ పాత్ర వేసింది మాత్రం నేను. మీసం తీసేసి, ఎవరో అరువిచ్చిన నేతచీర కట్టి వేశాను. జనం నవ్వకూడని చోట నవ్వారు. ఆమె ప్రేక్షకుల్లో కూడా లేదు. ఎందుకంటే ప్రదర్శన రాత్రి తొమ్మిదింటికి.

ఆసుపత్రిలో ప్రతి నియమం వెనకా ఎక్కడో ఒక రోగి ఉంటాడు. ఎప్పుడో ఎవరికో ఏదో జరిగి ఉంటుంది. అది మళ్ళీ జరగకూడదని ఒక వాక్యం రాసుకుంటాం. విద్యార్థి నాటకాల నియమాల వెనక ఉన్నది ఎవరు? ఆ కుతూహలంతో వెనక్కి వెళితే దారి చాలా దూరమే సాగింది.

విశ్వవిద్యాలయాలు నాటకాన్ని మొదట నియంత్రించింది నిషేధంతో కాదు, నిర్బంధంతో. కేంబ్రిడ్జ్‌లోని క్వీన్స్ కళాశాల 1546 నాటి శాసనం ప్రకారం, హాస్యనాటకంలో గాని విషాదనాటకంలో గాని వేషం వేయడానికి నిరాకరించిన విద్యార్థిని, ప్రదర్శనకు హాజరు కాకుండా ఎగవేసిన విద్యార్థిని కళాశాలనుంచి బహిష్కరించవచ్చు. అదే కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కళాశాల 1560 శాసనం ఈ బాధ్యతను అధ్యాపకుల మీద పెట్టింది. తొమ్మిదిమంది ఉపన్యాసకులు ఇద్దరిద్దరు చొప్పున క్రిస్మస్ రోజుల్లో విద్యార్థులచేత నాటకాలు ఆడించాలి. ఆడించకపోతే పది షిల్లింగుల జరిమానా. అప్పటి నాటకాలు ఎక్కువగా లాటిన్‌లో ఉండేవి. టెరెన్స్, ప్లాటస్, సెనెకాలను కంఠస్థం చేసి నలుగురి ముందూ పలికితే భాష నాలుక మీద నిలుస్తుందన్నది పాఠ్యప్రణాళికలోని ఆలోచన. మన పాతకాలపు బడుల్లో శ్లోకాలు వల్లె వేయించిన పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఒకటే: ఇక్కడ వల్లె వేసినదాన్ని వేషం కట్టి మరీ అప్పజెప్పాలి.

లాటిన్ నాటకాలలో స్త్రీపాత్రలున్నాయి. కళాశాలలో స్త్రీలు లేరు. కనుక ఆ వేషాలు కుర్రవాళ్ళే కట్టేవారు. చాలాకాలం దీన్ని ఎవరూ సమస్యగా చూడలేదు.

1566 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చినప్పుడు క్రైస్ట్ చర్చ్ కళాశాలలో రిచర్డ్ ఎడ్వర్డ్స్ రాసిన 'పాలమన్ అండ్ ఆర్సైట్' అనే నాటకాన్ని ప్రదర్శించారు. జనం తోపులాటలో మెట్ల పక్క గోడ కూలి ముగ్గురు చనిపోయారు. గాయపడినవారికి వైద్యం చేయడానికి రాణి తన సొంత శస్త్రవైద్యులను పంపింది. నాటకం మాత్రం ఆగలేదు. నేను ఊహించినట్టయితే ఆ దుర్ఘటన వెంట ప్రేక్షకుల సంఖ్య గురించో, మెట్ల గురించో ఒక పెద్ద వివాదం రావాలి. కాని చరిత్రలో నిలిచిపోయిన వివాదం వేరొకటి. అది రావడానికి మరో పాతికేళ్ళు పట్టింది. దానికి కారకుడు ఆ రాత్రి అదే వేదిక మీద హిపోలిటా రాణి వేషం కట్టిన పదిహేడేళ్ళ విద్యార్థి, జాన్ రైనాల్డ్స్.

ఆ కుర్రవాడు పెరిగి గొప్ప వేదాంత పండితుడయ్యాడు. తరువాతి కాలంలో, 1604లో జరిగిన హాంప్టన్ కోర్ట్ సమావేశంలో, బైబిల్‌కు కొత్త ఆంగ్లానువాదం కావాలని జేమ్స్ రాజును కోరినది ఆయనే. 1592లో క్రైస్ట్ చర్చ్‌లో విలియం గాగర్ అనే పండితకవి తన లాటిన్ నాటకాలను విద్యార్థులచేత ఆడించినప్పుడు, చూడటానికి రమ్మన్న ఆహ్వానాన్ని రైనాల్డ్స్ తిరస్కరించాడు. పురుషుడు స్త్రీ దుస్తులు ధరించడం బైబిల్ పాతనిబంధనలోని ద్వితీయోపదేశకాండం నిషేధించిన పాపమని ఆయన వాదన. చిన్నతనంలో ఇదే వేదిక మీద తానూ ఆడవేషం వేశానని దాచకుండా ఒప్పుకుని మరీ వాదించాడు. వారిద్దరి మధ్య నడిచిన లేఖలు, తరువాత గాగర్ పక్షాన కలుగజేసుకున్న న్యాయశాస్త్ర ఆచార్యుడు ఆల్బెరికో జెంటిలీతో జరిగిన వాదోపవాదాలు 1599లో పుస్తకంగా వచ్చాయి.

ఆ వాదంలో ఇప్పటికీ నిలిచేది గాగర్ ఇచ్చిన సమాధానం. మేము డబ్బుకోసం ఆడే నటులం కాము అన్నాడాయన. విద్యార్థి నాటకం ఎందుకో ఒక్కొక్కటే చెప్పాడు: పాత కవులతో పరిచయానికి, సొంత రచనను సాధన చేయడానికి, యువకుల బెరుకు పోవడానికి, గొంతు పరీక్షించుకోవడానికి, జ్ఞాపకశక్తి గట్టిపడటానికి, మాటతీరూ నిలుచునే తీరూ దిద్దుకోవడానికి, చివరికి ఎవరిలో ఎంత సరుకుందో తేల్చుకోవడానికి. విశ్వవిద్యాలయంలో నాటకం ఎందుకుండాలో నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదేమో. కాని ఇక్కడే ఒక ప్రశ్న మొలుస్తుంది. నాటకం వినోదం కాదు, విద్యే అయితే, ఆ విద్య అందవలసింది ఎవరికి? గాగర్ కాలంలో ఆ ప్రశ్న లేదు. విద్యార్థి అంటేనే మగవాడు. అది తలెత్తిన రోజున మాత్రం పాత నియమాలన్నీ కొత్త అర్థాలు సంతరించుకున్నాయి.

రైనాల్డ్స్ పుస్తకం వచ్చిన ఆ 1599లోనే, ఆయన మతానికి బద్ధవిరోధులైన జెస్యూట్లు ఐరోపా అంతటా ఉన్న తమ కళాశాలలకు 'రేషియో స్టూడియోరమ్' అనే విద్యావిధానాన్ని ప్రకటించారు. నాటకాలు లాటిన్‌లోనే ఉండాలని, అరుదుగానే ఆడాలని, ఇతివృత్తం పవిత్రంగా ఉండాలని అందులోని నియమం. దాని చివర, స్త్రీపాత్ర గాని స్త్రీవేషం గాని ఉండనే కూడదన్నారు. ఆడవేషం సమస్య కనుక నాటకమే వద్దన్నాడు రైనాల్డ్స్. నాటకం ఉండనిచ్చి అందులోంచి స్త్రీనే తీసేశారు జెస్యూట్లు. మతాలు వేరైనా మందు ఒకటే.

పంతొమ్మిదో శతాబ్దానికి వద్దాం. మధ్యలో ఇంగ్లండులో ప్యూరిటన్లు నాటకశాలలు మూయించారు. అవి మళ్ళీ తెరుచుకున్నా, విశ్వవిద్యాలయాలలో నాటకానికి పాత గౌరవం తిరిగి రాలేదు. విక్టోరియా కాలపు ఆక్స్‌ఫర్డ్ అధికారులకు విద్యార్థి నాటకమంటే అల్లరి ప్రహసనమే. దానికి మళ్ళీ దారి తెరిచినవాడు బేలియల్ కళాశాల అధిపతి, ప్లేటో అనువాదకుడు బెంజమిన్ జోవెట్. ఇండియన్ సివిల్ సర్వీసుకు ఎంపికైన యువకులు ఎందరో ఆయన కళాశాలలో చదివి మన దేశానికి వచ్చారు కనుక మన చరిత్రకు ఆయన పూర్తిగా పరాయివాడేమీ కాదు. 1880లో బేలియల్ భోజనశాలలో ఈస్కిలస్ 'అగమెమ్నన్'ను గ్రీకులో ఆడటానికి ఆయన అనుమతి ఇచ్చాడు. అందులో క్లిటెమ్నెస్ట్రా వేషం కట్టిన ఫ్రాంక్ బెన్సన్ తరువాత షేక్‌స్పియర్ నాటకాలతో దేశమంతా తిరిగిన ప్రసిద్ధ నటుడయ్యాడు.

జోవెట్ ఉపకులపతిగా ఉండగా విద్యార్థులు ఒక నాటకసంఘానికి అనుమతి కోరారు. ఆయన ఇచ్చాడు, షరతులతో. ఆంగ్లంలో ఆడితే షేక్‌స్పియర్‌నే ఆడాలి. స్త్రీపాత్రలు విద్యార్థులు వేయకూడదు, స్త్రీలే వేయాలి. అలా 1885లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ డ్రమాటిక్ సొసైటీ పుట్టింది. కావలివర్గంలోని యువకులు స్త్రీని అనుకరించకూడదని ప్లేటో 'రిపబ్లిక్'లో చెప్పిన భాగాన్ని ఆంగ్లం చేసిన చేతే ఈ షరతు పెట్టిందన్నది గమనించదగ్గది.

ఈ షరతు పైకి చూస్తే అభ్యుదయం. స్త్రీపాత్రను స్త్రీకి అప్పగించింది. కాని ఏ స్త్రీకి? ఆక్స్‌ఫర్డ్‌లో లేడీ మార్గరెట్ హాల్, సోమర్‌విల్ అనే రెండు మహిళా విద్యాసంస్థలు 1879లోనే మొదలయ్యాయి. చదువుకునే ఆడపిల్లలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. నియమంలోని 'స్త్రీ' వాళ్ళు కారు. బయటినుంచి పిలిపించిన వృత్తి నటీమణులు, పెద్దింటి మహిళలు. ఆ అలవాటు ఎంత గట్టిపడిందంటే, ఆక్స్‌ఫర్డ్ ఆడపిల్లలకు 1920లో పట్టాలివ్వడం మొదలుపెట్టిన పన్నెండేళ్ళకు, 1932లో జాన్ గీల్‌గుడ్ దర్శకత్వంలో విద్యార్థులు 'రోమియో అండ్ జూలియట్' ఆడినప్పుడు కూడా జూలియట్ పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్, దాది ఈడిత్ ఎవాన్స్. ఇద్దరూ లండన్ రంగస్థల తారలు. మగ విద్యార్థులకు అది గొప్ప పాఠం. సందేహం లేదు. అదే ఊళ్ళో చదువుతున్న ఆడపిల్లకు మాత్రం అది టికెట్టు కొనుక్కుని చూడవలసిన పాఠం.

కేంబ్రిడ్జ్ సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. 1855లో మొదలైన అక్కడి అమెచ్యూర్ డ్రమాటిక్ క్లబ్బులో ఆడవేషాలు మగ విద్యార్థులవే. 1924లో జార్జ్ రైలండ్స్ అనే విద్యార్థి వెబ్‌స్టర్ రాసిన 'డచెస్ ఆఫ్ మాల్ఫీ'లో డచెస్‌గా నటించి పేరు తెచ్చుకున్నాడు. తరువాత ఆయన అక్కడే ఆచార్యుడై, తరాల తరబడి విద్యార్థులకు షేక్‌స్పియర్ పద్యం పలకడం నేర్పాడు. మరి కేంబ్రిడ్జ్ ఆడపిల్లలు? గిర్టన్ కళాశాల విద్యార్థినులు 1883లో సోఫోక్లీస్ 'ఎలెక్ట్రా'ను గ్రీకులోనే, అన్ని పాత్రలూ తామే వేసి, తమ కళాశాల నాలుగు గోడల మధ్య ఆడుకున్నారు. రెండేళ్ళ తరువాత, 1885లో, విశ్వవిద్యాలయ గ్రీకు నాటకం 'యూమెనిడీస్'లో ఎథీనా దేవత పాత్రకు గిర్టన్ విద్యార్థిని జానెట్ కేస్‌ను పిలిచారు. ఆమె బాగా నటించింది. అయినా ఆ వేదిక మీదికి మళ్ళీ ఆడపిల్లలు రావడానికి ఇరవయ్యో శతాబ్ది నడిమి దాకా ఆగవలసివచ్చింది. జానెట్ కేస్ తరువాత ఇళ్ళకు వెళ్ళి గ్రీకు పాఠాలు చెప్పింది. ఆమె శిష్యురాళ్ళలో ఒకరు వర్జీనియా వుల్ఫ్. కేంబ్రిడ్జ్ స్త్రీలకు పూర్తి పట్టా ఇచ్చింది 1948లో.

ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒక ఊళ్ళో మగవాడు ఆడవేషం కట్టకూడదు. ఇంకో ఊళ్ళో మగవాడే కట్టాలి. ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. రెండింటికీ ఇచ్చిన కారణం మర్యాదే. రెండింటి ఫలితమూ ఒకటే: చదువుకునే ఆడపిల్ల వేదిక కింద ఉంది. మందులు వేరైనా దుష్ఫలితం ఒకటే అయినప్పుడు వైద్యుడు మందుల పేర్లు చూడటం మాని రోగిని చూడాలి. నియమంలో ఏముందో చదివితే సరిపోదు. అది అమలైన గదిలో ఎవరు లేరో లెక్క పెట్టాలి.

తెలుగునాట కూడా ఆధునిక నాటకప్రదర్శన విద్యార్థులతోనే ముడిపడి ఉంది. 1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి నాటకాలాడి వెళ్ళాక, వారు వేసిన పందిరిలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. అందులో ఒకటైన 'చమత్కార రత్నావళి'కి మూలం షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'. అంటే ఆక్స్‌ఫర్డ్ సంఘానికి అనుమతి దొరకడానికి కొన్నేళ్ళ ముందే గోదావరి ఒడ్డున తెలుగు విద్యార్థులు షేక్‌స్పియర్ కథ ఆడారు. ఆ తరగతుల్లో ఉన్నది మగపిల్లలే. స్త్రీవిద్యకోసం అంత పోరాడిన వ్యక్తి పూనికతో మొదలైన వేదిక మీద కూడా స్త్రీకి చోటు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. స్థానం నరసింహారావు వంటి మహానటులు ఆడవేషాన్ని ఒక ఉన్నత కళగా మలిచారు. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆ కళ గొప్పదనాన్ని కాదనలేం. దాని వెనక ఉన్న ఖాళీనీ మరిచిపోలేం. అరువు చీరలో నేను వేదిక ఎక్కింది ఆ ఖాళీలోకే. నాకు స్థానంవారి కళ లేదు. ఆయన కాలపు నియమం మాత్రం నాదాకా వచ్చింది.

ఇక అమెరికా. హార్వర్డ్‌లోని హేస్టీ పుడింగ్ సంస్థ 1844నుంచి విద్యార్థులతో హాస్యనాటకాలు ఆడుతోంది. మగవాళ్ళు ఆడవేషాలు కట్టడమే దాని ప్రసిద్ధి. ఆడ విద్యార్థులు అక్కడ తెర వెనక పనిచేశారు. నటవర్గంలోకి మాత్రం ప్రవేశం లేదు. తమ నటవర్గంలోకి స్త్రీలను కూడా తీసుకుంటామని ఆ సంస్థ ప్రకటించింది 2018లో. వారు మొదటిసారి వేదిక ఎక్కింది 2019లో. సంప్రదాయానికి నూట డెబ్భై అయిదేళ్ళు.

కాని అమెరికాలోనే మరో మార్పు అంతకుముందు ఒక శతాబ్దం కిందటే మొదలైంది. 1914లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్ నాటకకళలో పట్టా ఇచ్చే విభాగాన్ని ప్రారంభించింది. ఈ దేశంలో అటువంటిది అదే మొదటిది. 1925లో నాటకరచన పాఠాలకు పేరుపొందిన జార్జ్ పియర్స్ బేకర్ హార్వర్డ్ వదిలి, కొత్తగా ఏర్పడిన నాటకవిభాగాన్ని నడపడానికి యేల్‌కు వెళ్ళాడు. ఈ మార్పు అర్థం పెద్దది. నాటకం సంఘపు సరదాగా ఉన్నంతకాలం పాత్ర ఎవరికివ్వాలన్నది సభ్యుల ఇష్టం. అది పట్టా చదువు అయ్యాక, పాత్ర ఒక ప్రయోగశాల వంటిది. రసాయనశాస్త్రం చదివే పిల్లను ప్రయోగశాలలోకి రానివ్వకుండా పరీక్ష పెట్టలేం కదా. మా అమ్మాయి పుస్తకంలోని నియమాలు అక్కడినుంచి వచ్చినవి. ఆడిషన్‌కు రావడం విధి అన్న నియమంలో క్వీన్స్ కళాశాల 1546 నాటి గొంతు వినిపిస్తుంది. తేడా ఏమిటంటే, నిర్బంధానికి జోడీగా ఇప్పుడు హక్కు కూడా ఉంది: ఆడిషన్ అందరికీ తెరిచి ఉండాలి.

అంతమాత్రాన చిక్కులు తీరిపోలేదు. అవి ఆడవేషంనుంచి జాతివేషానికి మారాయి. 2015 నవంబరులో పెన్సిల్వేనియాలోని క్లారియన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 'జీసస్ ఇన్ ఇండియా' అనే నాటకం సిద్ధం చేస్తున్నారు. రచయిత లాయిడ్ సూ కొరియన్ మూలాలున్న అమెరికన్. నాటకంలోని భారతీయ పాత్రలకు భారతీయులు కాని విద్యార్థులను, ఎక్కువగా తెల్లవారిని, ఎంపిక చేశారని తెలిసి, ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు ఆయన తన అనుమతి ఉపసంహరించుకున్నాడు. నాటకం ఆగిపోయింది. ఆడిషన్ అందరికీ తెరిచే పెట్టామని విభాగంవారు అన్నారు. అక్కడ ఆసియా మూలాల విద్యార్థులు బహు తక్కువ. నెలల తరబడి వల్లె వేసిన పిల్లలు కన్నీళ్ళు పెట్టుకున్నారంటే అందులో అన్యాయమేమీ లేదు. మన పేర్లు, మన ముఖాలు మనం లేకుండానే వేదిక ఎక్కుతున్నాయని రచయితకు కోపం వచ్చిందంటే అందులోనూ అన్యాయం లేదు.

ఆ వార్త చదివిన రోజున నాకు మొదట రచయిత పక్షమే న్యాయంగా తోచింది. తరువాత మా అమ్మాయి గుర్తుకొచ్చింది. భారతీయ పాత్ర భారతీయులకే అన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే, మా పిల్ల ఈ దేశపు వేదిక మీద ఎన్ని పాత్రలు వేయగలదు? ఆమె జూలియట్ వేయకూడదా? ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ఒకవైపు మాత్రమే తెగేలా నియమం రాయవచ్చునా అంటే, చరిత్ర ఒక దారి చూపుతోంది. ఇంతకాలం చోటు దొరకనివారి చోటును మరొకరు తీసుకోవడం, చోటు దొరకనివారికి కొత్త చోటు ఇవ్వడం ఒకటి కావు. రైలండ్స్ డచెస్ వేయడం తప్పు కాదు. కేంబ్రిడ్జ్‌లో డచెస్ వేయగల ఆడపిల్లలుండగా వారికి ఆ ఆడిషనే లేకపోవడం తప్పు. జూలియట్‌గా మా అమ్మాయి నిలబడితే ఎవరి తలుపూ మూసుకోదు.

మొన్న ఆమె ఫోను చేసింది. ఈసారి దొరికింది నాలుగు వాక్యాల దాసి పాత్ర. పుస్తకం ప్రకారం కాదనడానికి వీల్లేదు. కాదనే ఉద్దేశం కూడా లేదంది. రిహార్సల్ ముగిసేసరికి రాత్రి పదిన్నర అవుతుందట; ఆ తరువాత హాస్టలు దాకా దిగబెట్టడానికి విశ్వవిద్యాలయంవారి బండి ఉంటుందట. ఆ బండి సంగతి కూడా నియమావళిలోనే ఉంది, నేను చదివినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. మా కళాశాలలో చీకటి పడ్డాక ఆడపిల్లల భద్రతకు ఏం చేయాలన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండేది: ఆరింటికి తలుపు మూయడం. అదే ప్రశ్నకు ఒక బండి కూడా సమాధానం కావచ్చునని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో ఆ చీర కట్టుకున్న నా వాటా కూడా ఉంది.